వెయ్యిమందికి ఎన్ని కార్లు? ఊరికి ఎట్టి దారి?

ఫాల్గుణ మాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి జాతర జరుగును. కొల్లేటి నడుమ దిబ్బపై వెలసిన ఈ గ్రామమునకు ఒకప్పుడు నీరే బాట. యాత్రికులు పడవలమీదను, తాటి దోనెలమీదను వచ్చి అమ్మవారికి మ్రొక్కులు చెల్లించుకొనెడివారు. నేడు జాతర త్రోవలో బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరుచున్నవి. వాటి నడుమ కార్లును కనిపించుచున్నవి. చిన్ననాడు దోనెలో వచ్చిన తాతయు, నేడు కారులో వచ్చిన మనుమడును ఒకే వరుసలో నిలిచి అమ్మవారిని దర్శించుట ఈ ప్రాంతమున వింత కాదు.

ప్రపంచమున ఏ దేశమునందు ఎన్ని కార్లు కలవో తెలుపు పట్టికలు పత్రికలలో తరచు వచ్చుచుండును. వాటిని చూచి కొందరు “మన మెంతో వెనుకబడి యున్నాము” అని చింతింతురు. మరికొందరు తమ వీధిలో నాలుగు కార్లు నిలిచి యుండుట చూచి “ఇక మన యూరికి లోటేమి?” అని తృప్తి చెందుదురు. ఈ రెండు తలపులును తొందరపాటువే. కార్ల లెక్క ఏమి చెప్పునో, ఏమి చెప్పదో తెలిసికొన్నగాని దానివలన గ్రామమునకు ప్రయోజనము లేదు. పంచాయతీ సభ్యులకు ఈ విషయము మరింత ముఖ్యము. ఏలయనగా, కారు కొనుట ఇంటి యజమాని పని. కారు గాని, బస్సు గాని, కాలినడకను పోవు మనిషి గాని సాగిపోవుటకు దారి కల్పించుట ఊరి పెద్దల పని.

లెక్క చదువు విధము

కార్ల లెక్కను రెండు విధములుగా వేయుదురు. మొదటిది మనుష్యుల లెక్క: వెయ్యిమంది జనమునకు ఎన్ని కార్లు? రెండవది ఇండ్ల లెక్క: నూరిండ్లలో ఎన్ని యిండ్లకు కారు కలదు? ఈ రెండింటిని కలిపివేసినచో పొరపాటు తప్పదు.

ఉదాహరణకు వెయ్యిమంది జనము, 250 ఇండ్లు గల గ్రామ మొకటి కలదనుకొందము. అందు పది యిండ్లకు ఒక్కొక్క కారు కలదు. మనుష్యుల లెక్కలో అది వెయ్యికి పది. ఇండ్ల లెక్కలో నూటికి నాలుగు. గ్రామ మొక్కటే, కార్లును అవియే. అంకెలు మాత్రము వేరు. ఆ పది కార్లును అయిదు యిండ్లలోనే, ఇంటికి రెండు చొప్పున, ఉన్న వనుకొందము. అప్పుడు మనుష్యుల లెక్క మారదు గాని ఇండ్ల లెక్క నూటికి రెండుకు దిగిపోవును. కాబట్టి అంకె కనబడగనే అది దేనికి సంబంధించిన అంకెయో మొదట విచారింపవలెను.

మరియొక మెలకువ కలదు. కొన్ని పట్టికలలో కార్లు మాత్రమే యుండును. కొన్నింటిలో లారీలు, బస్సులు కూడ చేరియుండును. వేరు కొన్నింటిలో మోటారు సైకిళ్ళు సైతము కలిసి యుండును. అంతియే గాక, రిజిస్ట్రేషను పుస్తకములలో ఎక్కిన బండి తుక్కుగా మారినను దాని పేరు ఆ పుస్తకములలో చాలకాలము నిలిచి యుండవచ్చును. అందుచేత రిజిస్ట్రేషను లెక్కకును, నిజముగా దారిమీద తిరుగు బండ్ల లెక్కకును వ్యత్యాసము కలుగుచుండును.

ప్రపంచ దేశముల తీరు

మోటారు కారు మొదట కలవారి వేడుక వస్తువుగా పుట్టినది. దానిని సామాన్యుని వాకిటికి తెచ్చిన ఖ్యాతి అమెరికా దేశపు ఫోర్డు కర్మాగారమునకు చెందును. ఆ కర్మాగారము 1908లో ‘మోడల్ టి’ అను కారును విడుదల చేసెను. అప్పుడు దాని వెల 850 డాలర్లు. 1913లో ఆ కర్మాగారమున కదలు వరుసపై కారును అమర్చు పద్ధతి ప్రారంభమైనది. పనివాడు నిలిచినచోటనే నిలిచియుండగా కారు అతనియొద్దకు జరిగివచ్చును; అతడు తన వంతు భాగమును బిగించి ముందుకు పంపును. ఈ పద్ధతివలన శ్రమకాలము తగ్గి, 1920 తరువాతి సంవత్సరములలో కారు వెల 300 డాలర్లకు దిగువకు వచ్చెను. 1927లో ఆ నమూనా ఆగిపోవునప్పటికి కోటి యేబది లక్షలకు పైగా కార్లు తయారయ్యెను. 1929 నాటికి అమెరికాలో కార్లు, లారీలు కలిపి సుమారు అయిదుగురికి ఒక మోటారు బండి యుండెను. నేడు ఆ దేశమున నూటికి తొంబదికి పైగా ఇండ్లలో కనీస మొక కారైనను కలదు.

ఐరోపా సమాఖ్య దేశములలో 2022లో సగటున వెయ్యిమందికి 560 కార్లుండెను. ఇటలీలో 684, లాట్వియాలో 414. చైనాలో 2024 చివరకు కార్లు, లారీలు కలిపి సుమారు 35 కోట్ల బండ్లు కలవు. అనగా నలుగురికి ఒకటి చొప్పున. నలువది సంవత్సరములకు పూర్వము ఆ దేశపు వీధులు సైకిళ్ళకు ప్రసిద్ధి చెందినవి.

ఇంతవరకు చూచినచో “ధనమున్న చోట కార్లుండును” అని తోచును. ఆ మాట చాలవరకు నిజమే గాని పూర్తిగా నిజము కాదు. సింగపూరు ప్రపంచమందలి మిక్కిలి సంపన్న దేశములలో ఒకటి. అయినను అక్కడ సుమారు తొమ్మిది మందికి ఒక కారు మాత్రమే కలదు. అది చిన్న ద్వీపము, నేల తక్కువ. ప్రజలందరును కార్లు కొన్నచో ఇండ్లకు, తోటలకు చోటు మిగులదని అక్కడి ప్రభుత్వము 1990లో ఒక నియమము ఏర్పరచినది. కారు కొనదలచినవాడు ముందుగా వేలములో పాల్గొని అనుమతి పత్రము సంపాదింపవలెను. ఆ పత్రము పదియేండ్లు చెల్లును. ఆ నియమముతో పాటు రైళ్ళను, బస్సులను ఊరంతట విస్తరింపజేసిరి. కావున కారు లేనివాడును వేళకు పనికి చేరుచున్నాడు. ఇందువలన మనము గ్రహింపవలసిన దేమనగా, కారు గమ్యము కాదు, గమ్యమునకు చేరు సాధనములలో ఒకటి మాత్రమే.

మన దేశము, మన రాష్ట్రము

1951లో భారతదేశ మంతటను రిజిస్టరైన మోటారు బండ్లు సుమారు మూడు లక్షల ఆరువేలు. అందు కార్లు, జీపులు, టాక్సీలు కలిసి లక్షా యేబదితొమ్మిది వేలు. నాటి జనాభా ముప్పదియారు కోట్లు. అనగా పదివేల మందికి నాలుగైదు కార్లు మాత్రమే. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు కలిసి ఇరువదియేడు వేలే యుండెను. ఆనాడు రెండు చక్రముల బండ్లకంటె కార్లే హెచ్చు!

ఈ లెక్క తరువాత తలక్రిందులైనది. 2020 మార్చి నాటికి రిజిస్టరైన బండ్లు 32 కోట్లు దాటగా, అందు నాలుగింట మూడువంతులు రెండు చక్రముల బండ్లే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట మధ్యతరగతి కుటుంబములకు కారు అందుబాటులోనికి వచ్చుట ప్రారంభమైనది. అయినను సామాన్య కుటుంబమునకు నిజముగా దొరకిన వాహనము మోటారు సైకిలే.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమునందలి పల్లెలలో నూరిండ్లకు 46 ఇండ్లలో సైకిలు, 14 ఇండ్లలో మోటారు సైకిలు లేక స్కూటరు, రెండిండ్లకు కొంచెము హెచ్చుగా కారు ఉండెను. పట్టణములలో కారుగల ఇండ్లు నూటికి పదికి కొంచెము తక్కువ. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పట్టణములు, పల్లెలు కలిపి చూడగా సగము ఇండ్లలో రెండు చక్రముల మోటారు బండి కనబడినది. కారు గల ఇండ్లు మాత్రము నూటికి ఎనిమిదికి మించలేదు. ఆ సర్వేలో గోవా రాష్ట్రమున నూటికి 45 ఇండ్లకు కారు కలదు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు మూడిండ్లకే కలదు.

ఈ అంకె చూచి చిన్నబోవలసిన పని లేదు. అయితే ఒక్క మాట మరువరాదు. నూటికి మూడిండ్లకు కారు కలదనగా, నూటికి తొంబదియేడిండ్లకు లేదు. పంచాయతీ తీర్మానము వ్రాయునప్పుడు ఈ తొంబదియేడిండ్లు సభ్యుల కనులయెదుట నిలువవలెను.

ఇంటి లెక్కలో కనబడనివారు

“మా యూరిలో ఇంచుమించు ప్రతి యింటను మోటారు సైకిలున్నది. ఇక బస్సెందుకు?” అని ఒక సభ్యుడు ప్రశ్నింపవచ్చును. ఇది ఆలోచింపదగిన ప్రశ్నయే.

బండి ఇంటిది అని పట్టికలో వ్రాసుకొందుము. కాని ఆ యింట దానిని నడుపువా రెందరు? ఉదయము ఇంటి మగవాడు దానిపై చేపల చెరువునకో, ధాన్యపు కమీషను కొట్టునకో పోవును. ఉన్నత పాఠశాలకు పోవలసిన బాలిక, మోకాళ్ళ నొప్పులతో వైద్యుని యొద్దకు పోవలసిన వృద్ధురాలు, చంటిబిడ్డకు టీకా వేయింపవలసిన తల్లి ఇంటనే యుందురు. పట్టికలో ఆ యిల్లు “వాహనము గల యిల్లు”. కాని పగటివేళ ఆ యింట మిగిలినవారికి వాహనము లేదు. కావున ఇంటికి ఎన్ని బండ్లు అని మాత్రమే గాక, ఊరిలో ఎవరు ఎక్కడికి ఎంతసేపటిలో చేరగలరు అని కూడ లెక్కింపవలెను.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున ‘స్త్రీ శక్తి’ పథకము ప్రారంభమై, పల్లెవెలుగు మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. ఇది మంచి సదుపాయమే. అయితే బస్సు వచ్చు ఊరివారికే ఈ ఉచిత ప్రయాణము దక్కును. బస్సు రాని లంక గ్రామపు స్త్రీ, బస్సు ఆగుచోటు వరకు ఆటోకు సొమ్ము చెల్లింపవలసియే యున్నది.

బస్సు వచ్చిన కథ

మన ప్రాంతమున బస్సు కథకు ఒక చరిత్ర కలదు. కొల్లేటికోట 2022 ఏప్రిలులో క్రొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది. అంతకు పూర్వము అది కృష్ణా జిల్లాలోనిది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. కృష్ణా జిల్లా బస్సు మార్గములను ఆ సంస్థకు అప్పగించుటకు సిద్ధపరచిన ప్రణాళికపై ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టున కెక్కిరి. వారి అభ్యంతరములను విన్నది రవాణా శాఖ కార్యదర్శి. తుది నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి. విన్నవా రొకరు, నిర్ణయించినవారు మరియొకరు అగుట న్యాయము కాదని 1958 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కృష్ణా జిల్లా బస్సుల వివాదమున పుట్టిన ఈ సూత్రమును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. పంచాయతీలకును ఇది శిరోధార్యము. దారి ఎటు వేయవలెనో, బస్సు ఏ వేళకు కావలెనో నిర్ణయించువారు, ఆ దారిని నడుచువారి మాట తామే స్వయముగా వినవలెను. గ్రామసభ యున్నది అందుకే.

కొల్లేటి దారుల ప్రత్యేకత

మెట్ట ప్రాంతమున దారి యనగా మట్టి, కంకర, తారు. కొల్లేటి ప్రాంతమున దారి యనగా మొదట నీరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కొల్లేటిలో కలియుచున్నవి. అంతటి నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే మార్గము. వచ్చు దారులు పెక్కు, పోవు దారి యొకటి యగుటచే వరద వచ్చినప్పుడు కొల్లేరు నిండి, మెల్లగా తీయును.

ఈ నీటిని పూర్వులు దారిగా వాడుకొనిరి. ధవళేశ్వరమునను, విజయవాడవద్దను ఆనకట్టలు కట్టిన పిమ్మట తవ్విన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలయ్యెను. గోదావరినుండి వచ్చు కాలువయు, కృష్ణనుండి వచ్చు కాలువయు ఏలూరున కలిసికొనుచున్నవి. ధాన్యపు పడవలు ఆ కాలువలపై సాగెడివి. తరువాత తాడేపల్లిగూడెము, ఏలూరుల మీదుగా రైలుమార్గము, జాతీయ రహదారి బలపడి పడవలు తగ్గినవి. ఏలూరు కాలువను 2008లో నాలుగవ జాతీయ జలమార్గములో ఒక భాగముగా ప్రకటించిరి.

నీటిపై దారి వేయునప్పుడు ఒక ప్రమాద మున్నది. కట్ట పోసి దానిపై రోడ్డు వేసినచో అది దారి యగుటతో పాటు ఆనకట్టయు అగును. తగినన్ని తూములు, వంతెనలు లేనిచో ఒక ప్రక్క నీరు నిలిచి ఇండ్లు మునుగును. చేపల చెరువుల గట్లు ఈ కష్టమును మరింత పెంచును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి అందరికి తెలిసినదే. ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామములను చుట్టుముట్టినది. ఏలూరు–కైకలూరు రోడ్డుపై నీరు పారి రాకపోకలు నిలిచిపోయినవి. నీరు దారి నెక్కిననాడు కారుగల యిల్లు, కారు లేని యిల్లు అను భేదము లేదు. అందరును పడవకొరకే ఎదురుచూడవలెను. ఆనాడు ఊరికి విలువైనది వాకిట నిలిచిన కారు కాదు. నీరు పోవు తూము, మునుగని దారి, సిద్ధముగా నున్న పడవ.

మరియొక సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. 5 అడుగుల మట్టపు గీత లోపలి కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల జాబితాలో చేరినది. కావున ఈ హద్దులలో రోడ్డు గాని, వంతెన గాని కట్టుటకు అటవీశాఖ అనుమతి ముందుగా పొందవలెను. పని మొదలుపెట్టి పిదప అనుమతికై తిరిగినచో కాలము, ధనము రెండును వ్యర్థమగును.

పంచాయతీలు చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో, రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు పదుమూడవది రోడ్లు, తూములు, వంతెనలు, రేవు పడవలు, జలమార్గములు, ఇతర రాకపోకల సాధనములు. కొల్లేటి గ్రామముల కొరకే వ్రాసినట్లున్న అంశమిది. దీనిని ఆధారము చేసికొని ఈ క్రింది పనులు తలపెట్టవచ్చును.

మొదటిది, ప్రయాణ పట్టిక. వార్డు సభ్యులు తమ వార్డునుండి బస్సు ఆగుచోటికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, ఉన్నత పాఠశాలకు, సంతకు ఎంతదూర మున్నదో, ఎంతసేపు పట్టునో వ్రాయవలెను. ఎండకాలమున ఎంత, వానకాలమున ఎంత అని రెండు వరుసలుగా వ్రాయవలెను. ఏటికి ఎన్ని దినములు దారి తెగుచున్నదో కూడ గుర్తింపవలెను. నూటికి ఎన్ని కార్లు అను లెక్కకంటె ఈ ఒక్క పుట ఊరి స్థితిని స్పష్టముగా చెప్పును.

రెండవది, గ్రామసభ తీర్మానము. ఆ పట్టికను గ్రామసభలో చదివి వినిపించి, స్త్రీలను, వృద్ధులను, విద్యార్థులను ప్రత్యేకముగా అడిగి, ముందు చేయవలసిన పనిని నిర్ణయింపవలెను. తీర్మానమును గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవలెను. బస్సు వేళల విషయమున డిపో మేనేజరుకు, దారుల విషయమున పంచాయతీరాజ్ ఇంజనీర్లకు ప్రతులు పంపవలెను. “మాకు బస్సు కావలెను” అనుటకంటె “ఉదయము ఎనిమిది గంటలకు ఇంతమంది బడిపిల్లలు ఈ చోట నిలిచియుందురు” అని వ్రాసిన అర్జీకి బలము హెచ్చు.

మూడవది, తూముల తనిఖీ. వానలకు ముందుగనే దారిక్రింది తూములను చూచి, గుర్రపుడెక్క, పూడిక తొలగింపవలెను. క్రొత్త రోడ్డు మంజూరైనప్పుడు దాని పొడవెంత అని మాత్రమే గాక, దానికి తూము లెన్ని అనియు ప్రశ్నింపవలెను.

నాలుగవది, ఆపద దారి. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 అంబులెన్సు సేవ మన రాష్ట్రమున ఎన్నో ప్రాణములు నిలిపినది. కాని అంబులెన్సు దారి ఉన్నంతవరకే రాగలదు. నెలలు నిండిన స్త్రీల పేర్లు ఆశా కార్యకర్తలవద్ద ఉండును. వరద హెచ్చరిక రాగానే వారిని ముందుగా దారి తెగని ఊరికి చేర్చు ఏర్పాటు చేయవలెను. రేవులందు పడవను, ప్రాణరక్షక చొక్కాలను, నడుపువాని పేరును సిద్ధముగా నుంచవలెను.

అయిదవది, దారి భద్రత. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో ఇంచుమించు సగము మంది రెండు చక్రముల బండ్లపై పోవువారే. లైసెన్సు లేని బాలురకు బండి ఇయ్యకుండుట, శిరస్త్రాణము ధరించుట ఊరి కట్టుబాటుగా రావలెను. వీధి మలుపులలో బండ్లు నిలిపి నడిచిపోవువారిని కాలువ అంచునకు నెట్టుట మాన్పింపవలెను.

కారు కొనదలచిన కుటుంబమునకు

కారు కొనుట తప్పని ఎవరును అనరు. అవసరము, స్తోమతు ఉన్నవారు కొనుట సహజమే. కాని కారు వెలతో ఖర్చు తీరిపోదు. నెలనెల వాయిదా, ఏటేట బీమా, మరమ్మతులు, పెట్రోలు ఉండును. కారు తిరిగినను, తిరుగకున్నను వాయిదాయు, బీమాయు ఆగవు. దినములో అధికభాగము అది వాకిట నిలిచియే యుండును. చేపల ధర పడిపోయిన సంవత్సరమున ఆ వాయిదా బరువు తెలియును. బాడుగ కారు ఏటికి ఎన్నిసార్లు కావలసివచ్చునో లెక్కచూచుకొని, పిదప నిర్ణయించుకొనుట వివేకము.

అమెరికాలో నూటికి తొంబది యిండ్లకు, గోవాలో నలువదియైదు యిండ్లకు, మన రాష్ట్రమున మూడిండ్లకు కారున్నదని పట్టికలు చెప్పును. రేపు మన అంకె ఇంకను పెరుగవచ్చును. అది పెరుగుటకు పంచాయతీ చేయవలసిన దేమియు లేదు. కాని ఫాల్గుణ జాతరనాడు కారులో వచ్చినవాడును, బస్సులో వచ్చినవాడును, నడిచి వచ్చినవాడును క్షేమముగా చేరుటకు, శ్రావణ వరదనాడు నిండు చూలాలు వేళకు ఆసుపత్రి చేరుటకు పంచాయతీ చేయవలసినది చాల కలదు. కారు ఒక యింటి సొత్తు, దారి ఊరందరి సొత్తు. ఊరి సొత్తును కాపాడుటకే ప్రజలు మిమ్ములను ఎన్నుకొనిరి.